మందు పట్టని మార్పు

ఇప్పుడు బాగానే ఉన్నాను. బాగానే అంటే, పొద్దున లేచి టీ పెట్టుకోగలుగుతున్నాను, కాలేజీకి వెళ్ళి రెండు క్లాసులు చెప్పగలుగుతున్నాను, మధ్యాహ్నం ఇంటికొచ్చి పడుకుంటున్నాను. ఒకప్పుడు దీన్ని బాగుండటం అనేదాన్ని కాదు. ఆ మాటకి ఉన్న అర్థాన్ని కొంచెం కొంచెం తగ్గించుకుంటూ ఇక్కడికి వచ్చాను. ఎవరైనా అడిగితే మొదటినుంచీ చెప్పే ఓపిక ఉండటం లేదు. అందుకే ఒక్కసారి కూర్చుని రాసేస్తున్నాను. ఇదే జబ్బుతో ఏ ఆసుపత్రి బెంచీ మీదో కూర్చున్నవాళ్ళకి ఇందులో ఏదైనా పనికొస్తే సంతోషం. రాకపోయినా, రాశాక నాకు కాస్త తేలికపడుతుందేమో చూడాలి.

మాది భిలాయి. నాన్న బొబ్బిలి దగ్గర నుంచి వచ్చి ఉక్కు ప్లాంటులో, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో పనిచేశారు. రిటైరయ్యాక కొన్నేళ్ళకు ఊపిరి అందని జబ్బుతో పోయారు. అప్పటినుంచీ అమ్మ నా దగ్గరే ఉంటుంది. నా భర్త శ్రీధర్ అదే ప్లాంటు ప్లేట్ మిల్లులో షిఫ్టు డ్యూటీ చేస్తారు. మాకు ఒక్కతే అమ్మాయి, తన్వి. నేను ఒక కాలేజీలో బయోటెక్నాలజీ చెబుతాను. అంతకుముందు హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేశాను. క్షయ మందులు కొందరి మీద పనిచేయడం ఎందుకు మానేస్తాయన్నది నా పరిశోధన.

ఆ పని గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. క్షయ క్రిమిలో ఒక ప్రోటీన్ ఉంటుంది. మందు వెళ్ళి దాన్ని పట్టుకుని దాని పని ఆపేస్తుంది. క్రిమి జన్యువులో ఒక్క అక్షరం మారితే చాలు, ప్రోటీన్‌లో ఒక చోట ఆకారం మారుతుంది, మందుకి పట్టు దొరకదు. నేను ఆ ప్రోటీన్‌ని కంప్యూటర్‌లో పరమాణువులతో సహా కట్టి, మార్పు పెట్టి, మందును దాని చోట ఉంచి వదిలేదాన్ని. అన్నీ కదులుతూ ఉంటాయి. ఆ కదలికలో మందు నిలుస్తుందా, జారిపోతుందా అని చూడటమే పని. పరీక్షనాళికలు లేవు, ఎలుకలు లేవు. వరసగా కంప్యూటర్లు, వాటిని చల్లబరిచే ఏసీ హోరు. పెళ్ళయి ఇక్కడికి తిరిగొచ్చాక ఆ పని వదిలేశాను. వదిలేశాననే అనుకున్నాను.

మొదటి ఎండాకాలం

తన్వి ఎనిమిదో తరగతి పరీక్షలు అయిపోయిన రోజులు. మొదట వచ్చింది అలసట. భిలాయి ఎండల్లో అలసిపోనివాళ్ళు ఎవరుంటారు? పట్టించుకోలేదు. తర్వాత ఎడమ పక్కన, డొక్క కింద బరువుగా అనిపించడం మొదలైంది. రెండు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోయేది. చీర కుచ్చిళ్ళు మాత్రం వదులయ్యాయి. స్టాఫ్ రూంలో అందరూ సన్నబడ్డావని మెచ్చుకున్నారు.

ఒకరోజు పవర్ హౌస్ మార్కెట్‌లో కూరగాయల సంచితో నిలబడి, ఆటో ఎక్కడానికి కాలెత్తలేకపోయాను. ఆటో డ్రైవరు దిగివచ్చి సంచి అందుకుని, "దీదీ, మీరు ముందు కూర్చోండి" అన్నాడు. ఇంటికి వెళ్ళకుండా అతణ్ణి నేరుగా రక్తపరీక్షల దుకాణానికి పొమ్మన్నాను. ఎందుకలా అన్నానో ఇప్పటికీ తెలియదు.

సాయంత్రం ఆ దుకాణం అతనే ఫోన్ చేశాడు. రిపోర్టులో తెల్లకణాలు ఉండవలసినదానికి ఎన్నో రెట్లున్నాయి, మిషన్ తప్పు చేసిందేమో, మళ్ళీ రక్తం ఇవ్వమన్నాడు. మిషన్ తప్పు చేయలేదు.

ప్లాంటు ఆసుపత్రి నుంచి రాయపూర్‌లోని పెద్ద ఆసుపత్రికి పంపారు. ఎముకలోంచి మజ్జ తీశారు. ఆ నొప్పి గురించి రాయను. ఆ తర్వాతి వారం గురించి కూడా రాయడానికి పెద్దగా ఏమీ లేదు. ఎదురుచూడటం తప్ప మేం ఏమీ చేయలేదు. శ్రీధర్ డ్యూటీకి వెళ్ళి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా నా మొహం చూసేవారు. ఫోన్ రాలేదని నా మొహం చూస్తేనే తెలిసేది.

దీర్ఘకాలిక ల్యుకేమియా అని తేలింది. రక్తంలో వచ్చే క్యాన్సర్. మా డాక్టరమ్మ వయసులో పెద్దావిడ, హిందీలో మెల్లగా, వాక్యం వాక్యానికీ ఆగి మాట్లాడుతుంది. "నీ తెల్లకణాల్లో ఒక ప్రోటీన్ ఆగకుండా పనిచేస్తోంది. దాన్ని ఆపే మాత్ర ఉంది. రోజుకొకటి. చాలామంది ఈ మాత్రతో ఏళ్ళ తరబడి మామూలుగా బతుకుతున్నారు," అంది.

నేను తల ఊపాను. ఆ ప్రోటీన్ పేరు నాకు తెలుసు. మా విద్యార్థులకు ఏటా ఆ మాత్ర కథే పాఠంగా చెబుతాను, ఒక ప్రోటీన్ కోసమే తయారుచేసిన మందు ఎంత బాగా పనిచేస్తుందో చూడండని. పాఠంలో ఆ తర్వాతి పేజీ కూడా తెలుసు. దాన్ని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఇంటికొచ్చాక అమ్మ మంచం పక్కన కూర్చుంది.

"ఏటన్నారు?"

"ఒక ప్రోటీన్ పాడైందమ్మా. మాత్ర వేసుకుంటే సర్దుకుంటుందట."

"ప్రోటీనంటే పప్పులో ఉంతాదని నువ్వే గదా సెప్పినావు. పప్పు మానీమన్నారేటి?"

నవ్వొచ్చింది. నవ్వితే డొక్కలో నొప్పి పుట్టింది. "అది వేరు, ఇది వేరు" అన్నాను. "మరయితే మాత్రేసుకో. నేను సారు పెడతాను," అని లేచింది. వంటింట్లోకి వెళ్ళాక ఎంతసేపటికీ స్టవ్ వెలిగించిన చప్పుడు వినిపించలేదు.

మంచి ఏడాది

మాత్ర పట్టింది. వానలు పడేసరికి కణాలు దిగాయి, డొక్క కింద బరువు పోయింది. కళ్ళ కింద వాపు, పిక్కల్లో తిమ్మిర్లు, పొద్దుటి వికారం మిగిలాయి. వాటికి అలవాటు పడ్డాను. మూడు నెలలకోసారి రాయపూర్ వెళ్ళి రక్తం ఇవ్వాలి. జబ్బు కణాలు ఇంకా ఎంత మిగిలాయో చెప్పే నంబరు ఒకటుంటుంది. మా ఇంట్లో దాన్ని 'ఆ నంబరు' అనేవాళ్ళం, పేరు పెట్టి పిలిస్తే వింటుందేమో అన్నట్టు.

ఆ ఆసుపత్రి హాల్లోనే ఫూల్‌బాయి పరిచయమైంది. ఆమెది నందిని సున్నపురాయి గనుల దగ్గర పల్లె. భర్త గనిలో పనిచేసేవాడు. ఆమెకీ ఇదే జబ్బు, ఇదే మాత్ర, నాకన్నా చాలా ముందునుంచి. మొదటిసారి నేను రక్తం ఇచ్చి వచ్చి, గోడవైపు తిరిగి ఏడుస్తుంటే పక్కకొచ్చి కూర్చుంది.

"కాబర్ రోవత్ హస్ బహినీ?" అంది. ఎందుకేడుస్తున్నావు చెల్లీ అని.

ఆమె తన స్టీలు డబ్బా మూత తీసి, నీళ్ళలో నానిన చద్దన్నం, ఉల్లిపాయ, కొంచెం పచ్చడి నా ముందు పెట్టింది. వికారంతో పొద్దుటినుంచీ ఏమీ తినలేదు. ఆ చల్లటి అన్నం ఒక్కటే గొంతు దిగింది.

తర్వాత మా ఇద్దరి తారీఖులూ ఒకటే పడేలా ఆమే కౌంటర్లో మాట్లాడి పెట్టించింది. నేనెళ్ళేసరికి బెంచీ మీద తన సంచి పెట్టి నాకోసం చోటు ఆపేది. మేం జబ్బు గురించి పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. తన మేకలు, మా తన్వి చదువు, వాన పడిందా లేదా. ఆమె నంబరు ఎప్పుడూ అడుగునే ఉండేది. నాదీ ఆ అడుగుకి దగ్గరగా వచ్చింది. ఒకసారి డాక్టరమ్మ మమ్మల్నిద్దర్నీ చూసి నవ్వి, "ఇద్దరూ మంచి పిల్లలు" అంది.

ఆ మరుసటి దీపావళి

దీపావళి వెళ్ళిన వారం. నంబరు పెరిగింది. కొంచెమే. ప్రయోగశాల తేడా అయుండొచ్చు, మళ్ళీ చూద్దాం అన్నారు. మళ్ళీ చూస్తే ఇంకా పెరిగింది.

"మాత్ర ఏ రోజైనా మానేశావా?" అని డాక్టరమ్మ అడిగింది. లేదన్నాను. శ్రీధర్ పక్కనుంచి, "నేను చూస్తూనే ఉన్నా మేడమ్, ఒక్క రోజు కూడా మిస్ కాలేదు" అన్నారు, నామీద ఎవరో నేరం మోపుతున్నట్టు గొంతు కొంచెం పెంచి. ఆమె ఏమీ అనుకోలేదు. జన్యువులో మార్పు పరీక్షకి రాసింది. రక్తం ముంబై వెళ్తుంది, కొన్ని వారాలు పడుతుంది.

నా పాఠంలో తర్వాతి పేజీ ఇదే, కొందరిలో ఆ ప్రోటీన్ మారిపోయి మాత్రకి పట్టు దొరకకపోవడం.

ఆ వారాలే అన్నిటికంటే కష్టంగా గడిచాయి. జబ్బు బాధ అప్పటికేమీ లేదు. కాలేజీకి వెళ్ళేదాన్ని, పాఠం చెప్పేదాన్ని, ఇంటికొచ్చి గోడ చూస్తూ కూర్చునేదాన్ని. తన్వి పదో తరగతి బోర్డు పరీక్షలకు చదువుకుంటోంది, ఇంట్లో గట్టిగా మాట్లాడకూడదు. మేం ముగ్గురం పెద్దవాళ్ళం గుసగుసల్లో పోట్లాడుకునేవాళ్ళం. నేను మాత్రం ఫూల్‌బాయి గురించి ఆలోచించేదాన్ని. ఆమె తిన్న మాత్రే నేనూ తిన్నాను. ఆమెకు పట్టి నాకు పట్టకపోవడానికి కారణం నాకు తెలుసు, ఎందుకు నాకే అన్నది మాత్రం తెలియదు. ఆ రెండో ప్రశ్నకి ఏ కంప్యూటరూ జవాబు చెప్పదు.

రిపోర్టు వచ్చింది. మార్పు ఉంది. ఒక్క అక్షరం. దానివల్ల ప్రోటీన్‌లో మందు కూర్చునే చోటు మీద వంగి ఉండే మడతలో ఒక ముక్క మారిపోయింది. తరచుగా కనిపించే మార్పులకైతే ఏ మందు ఇవ్వాలో పట్టికలున్నాయి. నాది వాటిలో లేదు.

డాక్టరమ్మ అద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "రెండు మందులున్నాయి. దీనిమీద పెద్ద ఆధారమేమీ లేదు. ఒకరిద్దరు రోగుల గురించి ఎవరో రాశారు, అవి కూడా చెరొక వైపు చెబుతున్నాయి. ఒకదానికి మార్పు అడ్డుపడితే నెలలు వృథా అవుతాయి, జబ్బు ముదరొచ్చు. పెద్ద సెంటర్లో నాకు తెలిసినవాళ్ళని అడుగుతాను." కొంచెం ఆగి, "నువ్వు చదివింది ఇదే కదా? నీకేమనిపిస్తోంది?" అంది.

ఆమె మర్యాదకి అడిగిందో, నిజంగా అడిగిందో తెలియదు. నాకు మాత్రం అది పని అప్పజెప్పినట్టు వినిపించింది.

చలికాలం

ఆ రెండు మందుల గురించి చెప్పాలి. పేర్లు రాయను. మొదటిది ఖాళీ కడుపుతో రెండు పూటలా వేసుకోవాలి, గుండె చూసుకుంటూ ఉండాలి. రెండోదానితో కొందరికి ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరుతుంది. నాన్న చివరి రోజులు నేను పక్కనుండి చూశాను. దిండ్లు ఎత్తుగా పెట్టుకుని, నోరు తెరిచి, గాలికోసం ఆయన పడిన పాట్లు. రెండో మందు పేరు వినగానే నాకు ఆ గదే గుర్తొచ్చింది. నాకు మొదటిదే కావాలి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

కాలేజీ ల్యాబ్‌లో ఒక మంచి కంప్యూటర్ ఉంది. సెలవుల్లో ఖాళీగా ఉంటుంది. ప్రోటీన్ నమూనా తెచ్చుకున్నాను, నా మార్పు పెట్టాను, రెండు మందులూ విడివిడిగా కూర్చోబెట్టాను. చేతులు మర్చిపోలేదు.

శ్రీధర్‌కి నచ్చలేదు. "సంధ్యా, నువ్వు పేషెంట్‌వి. డాక్టర్ పని డాక్టర్‌ని చెయ్యనీ."

"ఆవిడ దగ్గర జవాబు లేదు."

"నీ దగ్గర ఉందా?"

"చూడనీండి మరి."

"చూసి చూసి పడిపోతావ్. తిండి లేదు, నిద్ర లేదు. మీ అమ్మ రోజూ నన్ను అడుగుతోంది, నేనేం చెప్పను?"

ఆయన కోపంగా అనలేదు. నీరసంగా అన్నారు. ఆ మాట విన్నాకగానీ ఆయన కళ్ళ కింద నల్లబడిందని నేను గమనించలేదు.

మొదటిసారి లెక్క నడిపినప్పుడు మొదటి మందు జారిపోయింది. మారిన మడత బిగుసుకుపోయి దాన్ని బయటికి తోసింది. రెండో మందు నిలిచింది. నేను తెర ముందు కూర్చుని, నమూనా సరిగ్గా లేదేమో అనుకున్నాను. వేరే నమూనా తెచ్చాను. మళ్ళీ అదే. నీటి అమరిక మార్చాను. మందు మొదట పెట్టిన తీరు మార్చాను. నాలుగోసారో అయిదోసారో మొదటి మందు నిలిచింది. అబ్బా, అని ఊపిరి వదిలాను. ఆ ఊపిరి చప్పుడు నాకే వినిపించింది.

అప్పుడు అర్థమైంది, నేను వెతుకుతున్నది జవాబు కాదని. నాకు కావలసినది వచ్చేదాకా మీటలు తిప్పుతున్నాను. తెర మీద ఉన్నది వేరే ఎవరి ప్రోటీనో అయితే మొదటిసారికే ఆపేసేదాన్ని. అక్కడే కూర్చుని, మా కాలేజీ ల్యాబ్‌లో, ఫ్యాను చప్పుడులో, చాలాసేపు ఏడ్చాను. తర్వాత అన్నీ తుడిచేశాను.

మరుసటి రోజు నీలిమకి ఫోన్ చేశాను. పీహెచ్‌డీలో నా పక్క కుర్చీ. కాకినాడ మనిషి, ఇప్పుడూ హైదరాబాద్‌లో అదే పని చేస్తోంది, పెద్ద కంప్యూటర్లు దాని చేతిలో ఉన్నాయి. ఎన్నో ఏళ్ళ తర్వాత ఫోన్ చేసి పని చెప్పడం సిగ్గనిపించింది. ఒక పేషెంట్ మార్పు ఉంది, రెండు మందుల మధ్య తేల్చుకోవాలి, ఒకే లెక్కని చాలా కాపీలుగా, మళ్ళీ మళ్ళీ నడిపి చూడగలవా అన్నాను. రిపోర్టు వివరాలు రాసి పంపాను, నాకు ఏది రావాలని ఉందో మాత్రం చెప్పలేదు. నా దగ్గర వచ్చినవీ చెప్పలేదు.

"తప్పకుండా చేస్తానే. ఎవరా పేషెంట్? మీ డాక్టర్ తరఫునా?"

"ఆ, అలాంటిదే."

కొన్నాళ్ళకి తనే ఫోన్ చేసింది. లెక్కలు చెబుతూ చెబుతూ ఆగింది. "వయసు, ఆడమనిషి అని రాశావు. మన వయసే. సంధ్యా, ఎవరిది ఇది?"

"నాదే."

ఫోన్‌లో ఏసీ హోరు వినిపించింది, మా పాత గదిదే. తర్వాత ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"ముందే ఎందుకు చెప్పలేదే?"

"చెబితే నువ్వు జాగ్రత్తగా చెయ్యవని కాదు. మరీ జాగ్రత్తగా చేస్తావని."

"సరే. ఇప్పుడిక నేను చెప్పేది విను. మొదటి మందు చాలా కాపీల్లో జారిపోయింది. రెండోది ఎక్కువ కాపీల్లో నిలిచింది, అన్నిట్లో కాదు. దీన్ని ఒట్టేసి చెప్పమంటే నేను చెప్పలేను. నీకు తెలుసుగా, మనం చూసేది ప్రోటీన్ జీవితంలో కంటిరెప్ప కొట్టినంతసేపు కూడా కాదు."

"తెలుసు."

"అయినా ఒకటి చెప్పమంటే రెండోదే చెబుతాను."

నీలిమ పంపిన బొమ్మలు, పట్టికలు డాక్టరమ్మకి చూపించాను. ఓపికగా చూసింది. "దీన్నిబట్టి నేను మందు రాయలేను. కానీ పెద్ద సెంటర్ వాళ్ళు కూడా రెండోదానివైపే మొగ్గారు, వాళ్ళకీ గట్టి కారణం లేదు. రెండు బలహీనమైన మాటలు ఒకవైపే ఉన్నాయి. అంతే మన దగ్గరున్నది," అంది. తర్వాత నా చెయ్యి మీద చెయ్యి వేసింది. "దేనికి భయపడుతున్నావు?"

నాన్న గురించి అప్పుడు చెప్పాను. మొదటిసారి, ఒకరికి.

హోలీ రోజులు

రెండో మందు మొదలుపెట్టాక కొన్ని వారాలు బాగానే ఉంది. తన్వి బోర్డు పరీక్షలు నడుస్తున్నాయి. ఒకరోజు పరీక్ష కేంద్రం దగ్గర దాన్ని దింపి వస్తూ నెహ్రూ నగర్ మలుపులో స్కూటీ ఆపుకోవలసి వచ్చింది. ఊపిరి సగం దాకా వచ్చి ఆగిపోతోంది. పడుకుంటే ఎక్కువవుతోంది. నేను భయపడిందే జరిగింది. నీరు చేరింది.

ఆసుపత్రిలో పెట్టారు. వీపులో సూది గుచ్చి నీరు తీశారు. దిండ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చున్నాను, నాన్న లాగే. అమ్మ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది, లోపలికి రాలేదు.

"ఆయన్నీ ఇలగే సూసినాను," అంది గుమ్మంలోంచే. "ఈ గుంటనీ ఇలగే సూడమని రాసినాడేటి ఆ దేవుడు?" తర్వాత శ్రీధర్ వైపు తిరిగింది. "ఆ కంప్యూటర్ల మాట ఇని మందు మింగుతాదా ఎవులైనా? నువ్వెలగ ఊరుకున్నావు బాబూ?"

"ఊరుకున్నానా అత్తయ్యా? నేను చెప్పలేదా?" అన్నారు శ్రీధర్. "నా మాట ఎవరు వింటారు ఇంట్లో?" అని బయటికి వెళ్ళిపోయారు.

నాకు ఎవరిమీదా కోపం రాలేదు. కోపానికి ఊపిరి కావాలి. చాలాసేపటి తర్వాత ఆయన తిరిగొచ్చారు, చేతిలో కొబ్బరినీళ్ళు. స్ట్రా నా నోటికి అందించి, "తన్వికి పేపర్ బాగా అయిందట. ఫోన్ చేసింది," అన్నారు. అమ్మ అప్పుడు లోపలికొచ్చి, ఆయన్ని కుర్చీలో కూర్చోమని, తను నా కాళ్ళ దగ్గర కూర్చుంది. క్షమాపణలు ఎవరూ చెప్పుకోలేదు.

మందు ఆపేశారు. ఆపినన్నాళ్ళూ జబ్బు పెరుగుతుందేమోనన్న భయం. మొదటి మందుకి మారదామా అని డాక్టరమ్మని నేనే అడిగాను. ఆమె రక్తం పరీక్ష కాగితం నా ముందు పెట్టింది. ఆ కొన్ని వారాల్లోనే నంబరు సగానికి పైగా పడిపోయింది.

"మందు పట్టింది. నీ ఊపిరితిత్తులకే పడలేదు. మోతాదు తగ్గించి మళ్ళీ మొదలుపెడదాం. ఏమంటావు?"

ఈసారి కంప్యూటర్‌ని అడగాలనిపించలేదు. శ్రీధర్ వైపు చూశాను. ఆయన, "మేడమ్ చెప్పినట్టే చేద్దాం. నేనుంటా కదా," అన్నారు.

ఆ తర్వాత

తగ్గించిన మోతాదుతో నీరు మళ్ళీ చేరలేదు. ఒకటి రెండుసార్లు కొంచెం ఆయాసం వచ్చింది, సర్దుకుంది. నంబరు వానాకాలమంతా దిగుతూ వచ్చింది. ఇప్పుడు అడుగునే ఉంది. ఉంటుందా అని అడిగితే, ఇప్పటికి ఉంది అని మాత్రమే చెప్పగలను. మార్పులు మళ్ళీ రావచ్చు. వాటికోసం ఇంకో మందు ఉందని తెలుసు, దాని తర్వాతిది ఎవరో ఎక్కడో తయారుచేస్తున్నారని తెలుసు. ఆ తెలియడంతో పెద్ద ధైర్యమేమీ రాదు, కానీ పూర్తిగా చీకటి కూడా కాదు.

నీలిమ సంబరపడింది. మన లెక్క నిజమైందే అంది. ఒక్క మనిషి, ఒక్కసారి, ఆ మొదటి మందు ఇచ్చి ఉంటే ఏమయ్యేదో ఎవరికి తెలుసు అన్నాను. "అదీ నిజమే. అయినా నాకు సంతోషంగా ఉంది, సంతోషపడనీ," అంది. ఇలాంటి అరుదైన మార్పులున్నవాళ్ళ వివరాలు, ఏ మందు ఇస్తే ఏమైందో, ఇప్పుడు తను పోగుచేస్తోంది. నావి కూడా ఇచ్చాను. రేపెవరో నాలాంటిదే రిపోర్టు పట్టుకుని కూర్చుంటే వాళ్ళ డాక్టర్‌కి చెరొక వైపు చెప్పే ఇద్దరు రోగులకి బదులు ముగ్గురుంటారు.

ఈ జబ్బుతో ఉన్నవాళ్ళకి నేను చెప్పగలిగింది తక్కువే. మాత్ర మానకండి. నంబరు పెరిగితే మిమ్మల్ని మీరు తిట్టుకోకండి, మార్పు పరీక్ష చేయించమని అడగండి. డాక్టర్ దగ్గరికి ఒంటరిగా వెళ్ళకండి, మీరు వినలేని మాట పక్కనున్నవాళ్ళు వింటారు. మీకు ఎంత చదువున్నా మీ జబ్బు లెక్క మీరు కట్టకండి, వేరే ఎవరికైనా ఇవ్వండి. ఇంకొకటి ఉంది. అది నాకు ఆలస్యంగా తెలిసింది.

మొన్న తన్వి స్కూల్లో ఆరోగ్య శిబిరం పెట్టారు. పిల్లలందరి రక్తం పరీక్షిస్తున్నారు. మధ్యాహ్నం టీచర్ ఫోన్ చేసింది. తన్వి రక్తం ఇవ్వనంటోంది, బాత్రూంలో గడియ పెట్టుకుంది, మీరు రండి అని. వెళ్ళేసరికి బయటికొచ్చి గేటు దగ్గర నిలబడి ఉంది. ఇప్పుడది ప్లస్ వన్, పదకొండో తరగతి, నాకంటే పొడుగు. వచ్చి స్కూటీ వెనక కూర్చుంది. కొంతదూరం వచ్చాక భుజం మీద తడి తగిలింది. రోడ్డు పక్కన చెట్టు నీడలో ఆపాను.

"సూదికి భయమా?" అన్నాను, కాదని తెలిసీ.

"నై మమ్మీ." హెల్మెట్ తియ్యకుండానే మాట్లాడింది. "టెన్త్‌లో హెరెడిటీ చాప్టర్ ఉండె కదా. జీన్స్ అన్నీ మమ్మీ పాపా నుంచే వస్తాయి అని. నీ జీన్‌లో మ్యుటేషన్ ఉంది. మరి అది నాలో కూడా ఉంటది కదా? రిపోర్ట్‌లో వచ్చేస్తే? అమ్మమ్మ మళ్ళీ ఏడుస్తది. పాపా ఒక్కరే ఏం చేస్తారు?"

దాదాపు ఏడాదిగా ఇది దాని లోపల ఉంది. బోర్డు పరీక్షలు రాసింది దీన్ని పెట్టుకునే. మార్పు అంటే ఏమిటో అమ్మకి చెప్పాను, శ్రీధర్‌కి చెప్పాను, కాలేజీలో బెంచీల నిండా కూర్చున్న పిల్లలకి చెప్పాను. దీనికి మాత్రం చెప్పలేదు. దాన్ని భయపెట్టకూడదని.

హెల్మెట్ నేనే విప్పాను. "విను. జబ్బు తెచ్చిన మొదటి మార్పు నేను పుట్టినప్పుడు నాలో లేదు. నువ్వు పుట్టినప్పుడూ లేదు. పెద్దయ్యాక, నా ఎముకల్లో ఒకే ఒక్క కణంలో వచ్చింది. రెండో మార్పు ఆ జబ్బు కణాల్లోనే వచ్చింది. ఇది పిల్లలకి వెళ్ళేది కాదు. నా నుంచి నీకు రాలేదు, రాదు."

నా కళ్ళలోకే చూసింది, డాక్టరమ్మ మొహంలో నేను వెతికినట్టు.

"పక్కా?"

"పక్కా."

ఈ జబ్బు మొదలైనప్పటినుంచీ 'బహుశా' అనకుండా నేను ఎవరికైనా చెప్పగలిగిన మాట అదొక్కటే.

తన్వి చున్నీతో మొహం తుడుచుకుంది. హెల్మెట్ నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ పెట్టుకుంది. "అయితే వెనక్కి తిప్పు మమ్మీ," అంది. "క్యాంప్ ఇంకా అయిపోలేదు."